పని చేసే చేతుల కథ - 9: అహ్మదాబాద్ మగ్గాల షెడ్డులో ఏడుగురి జట్టు

1952లో అహ్మదాబాద్ జూబ్లీ మిల్లు నేత షెడ్డులో ఆటోమేటిక్ మగ్గాలు బిగించారు. మగ్గానికీ మగ్గానికీ మధ్య ఎంత దూరం ఉండాలి, గాలిలో తేమ ఎంత ఉండాలి, ఏ నూలు వాడాలి, ఒక్కో మనిషి ఎన్ని మగ్గాలు చూసుకోవాలి అన్నవన్నీ ఇంజనీర్లు ముందే లెక్కగట్టారు. యంత్రాలు కొత్తవి. వాటి ముందు నిలబడ్డ వాళ్లు నేతపనిలో చేయి తిరిగిన వాళ్లు. నెలలు గడిచినా ఉత్పత్తి మాత్రం అనుకున్న మట్టానికి రాలేదు. గుడ్డలో లోపాలూ తగ్గలేదు. యంత్రంలో తప్పు కనపడలేదు, మనుషుల్లో బద్ధకం కనపడలేదు. మరి లోపం ఎక్కడుంది?

ఆ ప్రశ్నకు దొరికిన జవాబు ప్రపంచంలోని మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాలన్నిటికీ ఎక్కింది. ఆ జవాబును ఆచరణలో పెట్టి చూపింది మాత్రం ఆ షెడ్డులోని కార్మికులే, అదీ రాత్రికి రాత్రి.

గత భాగంలో ఫ్రెడరిక్ టేలర్ గురించి చెప్పుకున్నాం. అమెరికాలో బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో స్టాప్‌వాచీ పట్టుకుని పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో మనిషిని నిలబెట్టే పద్ధతిని ఆయన శాస్త్రంగా మలిచాడు. 1911లో ఆయన పుస్తకం వెలువడ్డాక ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది. జూబ్లీ మిల్లు షెడ్డులో మనుషులకు పని పంచిన తీరు కూడా ఆ సంప్రదాయంలోదే. దాన్ని ప్రశ్నించిన ఆలోచన మొదట మొలకెత్తింది గుజరాత్‌లో కాదు, ఇంగ్లండ్ యార్క్‌షైర్ బొగ్గు గనుల్లో. అందుకని ముందు గనిలోకి దిగాలి.

1947 జనవరి 1న బ్రిటన్ బొగ్గు గనులన్నీ జాతీయమయ్యాయి. గని ముఖద్వారాల దగ్గర జెండాలు ఎగరేశారు, ఇకపై గనులు ప్రజల తరఫున నడుస్తాయని బోర్డులు పెట్టారు. యజమాని మారాడు, యంత్రాలూ వచ్చాయి, జీతాలూ మెరుగయ్యాయి. కానీ ఆశించినంత బొగ్గు రాలేదు. కార్మికులు పనికి ఎగనామం పెట్టడం తగ్గలేదు, గొడవలు ఆగలేదు. ఆ రోజుల్లోనే లండన్‌లో టావిస్టాక్ సంస్థ అని ఒక పరిశోధనాలయం పుట్టింది. యుద్ధకాలంలో సైన్యంలో మానసిక వైద్యులుగా, మనస్తత్వ శాస్త్రవేత్తలుగా పనిచేసిన వాళ్లు, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన డబ్బుతో దాన్ని నిలబెట్టారు. వాళ్లలో ఒకడు ఎరిక్ ట్రిస్ట్. ఆయన దగ్గర శిక్షణకు చేరిన కెన్ బామ్‌ఫోర్త్ స్వయంగా గని కార్మికుడు. బొగ్గు ముఖం దగ్గర, అంటే బొగ్గును నేరుగా తవ్వే గోడ దగ్గర, 18 ఏళ్లు పనిచేసి వచ్చాడు.

ఈ ఇద్దరూ కలిసి 1951లో ప్రచురించిన వ్యాసం ఈనాటికీ చదవదగ్గది. ఒక పరిశోధకుడూ ఒక శ్రామికుడూ ఒకే కలం పట్టుకోవడం అప్పటికి అరుదు, ఇప్పటికీ అరుదే. పాత పద్ధతిలో బొగ్గు తవ్వడం ఎలా ఉండేదో వాళ్లు వివరించారు. ఇద్దరు మనుషులు, మహా అయితే వాళ్లకు తోడు మరొకరిద్దరు. గనిలో ఒక చిన్న చోటు వాళ్లది. తవ్వడం, పైకప్పుకు కర్రలు ఆనించడం, బొగ్గు ఎత్తిపోయడం అన్నీ వాళ్లే చేసుకునేవారు. ఎవరితో జత కట్టాలో వాళ్లే ఎంచుకునేవారు. మేనేజరుతో బేరం జట్టుగానే కుదుర్చుకునేవారు, కూలి జట్టుగానే తీసుకునేవారు. జతగాడికి దెబ్బ తగిలితే అతని కుటుంబాన్ని రెండోవాడు చూసుకున్న సందర్భాలు ఉన్నాయి. చీకట్లో, ఏ క్షణాన ఏం కూలుతుందో తెలియని చోట, పక్కన ఉన్నది ఎవరన్నది చిన్న విషయం కాదు.

లాంగ్‌వాల్ పద్ధతి దీన్ని తలకిందులు చేసింది. 180 నుంచి 200 గజాల పొడవున్న ఒకే బొగ్గు ముఖం మీద సుమారు 40 మంది మూడు షిఫ్టుల్లో పనిచేయాలి. ఒక షిఫ్టువాళ్లు కోస్తారు. ఇంకో షిఫ్టువాళ్లు దారి తవ్వి కన్వేయరు జరుపుతారు. మూడో షిఫ్టువాళ్లు బొగ్గు ఎత్తుతారు. ఒక్కొక్కరికీ ఒక్కటే పని, పనిని బట్టి వేరే కూలి. ముందు షిఫ్టు సరిగా కోయకపోతే ఆ బాధ వెనక షిఫ్టులో బొగ్గు ఎత్తేవాడి నెత్తిన పడుతుంది. అతను ఎవరిని అడగాలి? కోసినవాళ్లు అప్పటికే ఇంటికి వెళ్లి నిద్రపోతున్నారు. మొత్తం పని తనదని అనుకునే మనిషి గనిలో ఒక్కడూ మిగలలేదు. ఒక షిఫ్టును ఇంకో షిఫ్టుతో అతికించే బాధ్యత మేనేజరు మీద పడింది. ఆయన ఉండేది పైన, వెలుతురులో.

ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ దీని నుంచి ఒక మాట తేల్చారు. ఒక పనిచోటు అంటే యంత్రాల వ్యవస్థ ఒక్కటే కాదు, మనుషుల మధ్య సంబంధాల వ్యవస్థ కూడా. రెంటినీ కలిపి రూపొందించాలి. ఒకదాన్ని గట్టిచేసి రెండోదాన్ని గాలికి వదిలేస్తే మొదటిది కూడా పనిచేయదు. సామాజిక-సాంకేతిక వ్యవస్థ అన్న సిద్ధాంతానికి ఇదే పునాది. లాంగ్‌వాల్ యంత్రం వస్తే మనుషులను ఇలాగే విడగొట్టక తప్పదా అన్న ప్రశ్నకు కూడా జవాబు గనిలోనే దొరికింది. బామ్‌ఫోర్త్ తాను ఇదివరకు పనిచేసిన గనికి తిరిగి వెళ్లినప్పుడు, అక్కడి కార్మికులు కొత్త యంత్రాలతోనే పాత జట్టు పద్ధతిని మళ్లీ కట్టుకుని ఉన్నారు. ఏ ప్రొఫెసరూ వచ్చి వాళ్లకు నేర్పలేదు.

ఇప్పుడు అహ్మదాబాద్‌కు వద్దాం.

సబర్మతి ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అప్పట్లో 60కి పైగా బట్టల మిల్లులు ఉండేవి. వాటిలో పేరున్నది 1880లో మొదలైన కాలికో మిల్లు. జూబ్లీ మిల్లు కూడా ఆ కంపెనీదే. యజమానులు సారాభాయీలు. ఆ కుటుంబం పేరు వినగానే మనకు భారత అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడు విక్రం సారాభాయి గుర్తొస్తాడు. కార్మిక చరిత్రలో ఆ ఇంటికి అంతకన్నా పాత ఖాతా ఒకటుంది. 1918లో ప్లేగు బోనస్ తీసేసినప్పుడు మిల్లు కార్మికులు కూలి 35 శాతం పెంచాలని సమ్మె చేశారు. యజమానుల పక్షాన ముందు నిలబడ్డవాడు అంబాలాల్ సారాభాయి. కార్మికుల పక్షాన నిలబడ్డది ఆయన సొంత అక్క అనసూయా బెన్. ఆ సమ్మెలోనే గాంధీజీ నిరాహార దీక్ష పట్టారు. చివరికి మధ్యవర్తిత్వంతో సమ్మె ముగిసింది. 1920లో అక్కడే మజూర్ మహాజన్ సంఘం ఏర్పడింది. తగవు వస్తే ముందు కూర్చుని మాట్లాడాలి, తేలకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్లాలి అన్నది ఆ ఊరి పద్ధతి అయింది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, విక్రం సారాభాయి, కస్తూర్‌భాయి లాల్‌భాయి వంటివారి పూనికతో అక్కడ బట్టల పరిశ్రమ పరిశోధన సంస్థ అటీరా మొదలైంది. నూలు బలాన్ని కొలిచే ప్రయోగశాలతో పాటు కార్మికుల మనస్తత్వాన్ని పరిశీలించే విభాగం కూడా అందులో ఉండేది. దాన్ని నడిపిన కమలా చౌధురి, తర్వాత 1961లో అహ్మదాబాద్ ఐఐఎం నిలదొక్కుకోవడంలో పెద్ద పాత్ర పోషించింది. మనిషి గురించిన శాస్త్రం మిల్లుకు పనికొస్తుందన్న నమ్మకం ఆ ఊళ్లో ముందే ఉంది. అందుకే విక్రం అన్న, కంపెనీ చైర్మన్ గౌతమ్ సారాభాయి టావిస్టాక్ సంస్థతో సంబంధం పెట్టుకున్నప్పుడు ఎవరూ వింతగా చూడలేదు. అక్కడినుంచి వచ్చిన మనిషి పేరు ఎ.కె. రైస్.

రైస్ షెడ్డులోకి వెళ్లి చూసినప్పుడు అక్కడ 224 మగ్గాలు ఉన్నాయి. వాటి మీద 29 మంది కార్మికులు. ఆ 29 మందికి 12 రకాల పనులు.

ఆ పనులేమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది. మామూలు మగ్గం మీద నాడెలో పేక కండె అయిపోతే నేతగాడు మగ్గం ఆపి కొత్త కండె పెట్టుకోవాలి. ఆటోమేటిక్ మగ్గానికి పక్కన బ్యాటరీ అని ఒక గుండ్రటి అర ఉంటుంది. దాని నిండా కండెలు పేర్చి ఉంచితే, నాడెలో కండె అయిపోగానే మగ్గమే పాతదాన్ని తోసేసి కొత్తది ఎక్కించుకుంటుంది. 1890లలో అమెరికాలో జేమ్స్ నార్త్‌రప్ రూపొందించిన ఏర్పాటు ఇది. దీనివల్ల నేతగాడు ఇక కండెలు మార్చనక్కర్లేదు, తెగిన పోగు అతికితే చాలు. కాబట్టి ఒక్కో నేతగాడికి 24 నుంచి 32 మగ్గాలు అప్పగించారు. బ్యాటరీలు నింపడానికి వేరే మనుషులను పెట్టారు. ఒకేసారి బోలెడు పడుగు పోగులు తెగి చిక్కుపడితే విప్పి సరిచేయడానికి ఇంకొకరు. నేత పూర్తయిన దోనె దింపి కొత్త పడుగు దోనె ఎక్కించడానికి ఇంకొకరు. మరమ్మతుకు జాబర్, ఆయనకు సహాయకుడు. నూనె వేసేవాడు, ఊడ్చేవాడు, కండెలు మోసుకొచ్చేవాడు, గుడ్డ మోసుకెళ్లేవాడు, తేమ యంత్రాలు చూసేవాడు.

కాగితం మీద ఈ పంపకంలో వంక పెట్టడానికి లేదు. ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి, ఎన్ని మగ్గాలకు ఒక మనిషి చాలో తేల్చారు. ఎనిమిది మంది నేతగాళ్లు, ఐదుగురు బ్యాటరీలు నింపేవాళ్లు, చిక్కులు విప్పేవాళ్లు ముగ్గురు. రైస్ ఈ లెక్కను ఇంకో వైపు నుంచి చదివాడు. ఎనిమిది మందికి ఐదుగురంటే ఒక్కో నేతగాడికి బ్యాటరీ మనిషిలో ఎనిమిదింట ఐదు వంతులు దక్కుతాడు. చిక్కులు విప్పేవాడిలో ఎనిమిదింట మూడు వంతులు దక్కుతాడు. ఒక నేతగాడు తన మగ్గాలు ఆగిపోతే ఎవరిని పిలవాలి? పిలిచిన మనిషి అదే సమయానికి ఇంకో ఇద్దరు నేతగాళ్లకూ జవాబుదారీ. ఎవరి పని ముందు చేయాలో ఎవరు చెప్పాలి? సూపర్‌వైజరు చెప్పాలి. షెడ్డులో మగ్గాల రొదకు ఒకరి మాట ఒకరికి వినపడదు. సూపర్‌వైజరు పరుగులు పెడుతూనే ఉంటాడు, పని ఆగుతూనే ఉంటుంది.

దీనికి తోడు నూలు రకం మారినప్పుడల్లా లెక్క మొత్తం మారిపోయేది. ముతక నూలు అయితే కండెలు త్వరగా అయిపోతాయి, బ్యాటరీ నింపేవాడికి ఊపిరి సలపదు. సన్న నూలు అయితే కండెలు ఎక్కువసేపు వస్తాయిగాని పోగులు తరచూ తెగుతాయి, నేతగాడికి చేతినిండా పని. ఒకడు చెమటోడుస్తుంటే పక్కవాడు ఖాళీగా నిలబడతాడు. అతను వెళ్లి సాయం చేయవచ్చు కదా అంటారేమో. అది అతని పని కాదు. ఆ పనికి అతనికి కూలి లేదు, చేస్తే తన చోటులో ఏదన్నా ఆగినప్పుడు తిట్లు తనకే. మనుషులను విడివిడిగా నిలబెట్టి, విడివిడిగా కొలిచి, విడివిడిగా చెల్లించినప్పుడు వాళ్లు కలిసి పనిచేయలేదని నిందించడం అన్యాయం.

సమస్య ఎక్కడుందో రైస్ గుర్తించిన తీరు చూస్తే గౌరవం కలుగుతుంది. ఆయన కార్మికుల సోమరితనం గురించి రాయలేదు. అప్పట్లో బ్రిటిష్, భారతీయ మేనేజర్ల నోట తరచూ వినిపించే మాట, పల్లెల నుంచి వచ్చిన భారతీయ కార్మికుడికి యంత్రయుగపు క్రమశిక్షణ లేదని. ఆ మాటను ఆయన పట్టుకోలేదు. పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తున్నాయి, వాటిని చేసే మనుషులను మాత్రం ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పెట్టారు, తేడా అక్కడుందన్నాడు.

1953 మార్చిలో చైర్మన్‌తో, మిల్లు అధికారులతో కూర్చున్నప్పుడు రైస్ ఒక సూచన చేశాడు. కొన్ని మగ్గాలను ఒక గుంపుగా తీసి, వాటి మీద పనులన్నీ ఒక చిన్న జట్టుకు అప్పగిస్తే ఎలా ఉంటుంది? ఆ మగ్గాల్లో ఏం జరిగినా ఆ జట్టే చూసుకుంటుంది. ఎవరు ఏం చేయాలో లోపల వాళ్లే సర్దుకుంటారు. సూపర్‌వైజరు జట్టు పెద్దతో మాట్లాడితే చాలు.

అధికారులు ఈ సూచనను ముందు తమలో తాము చర్చించుకున్నారు, తర్వాత సూపర్‌వైజర్లతో మాట్లాడారు. విషయం షెడ్డులోకి పాకింది. అక్కడినుంచి అధికారుల చేతుల్లో ఏమీ మిగల్లేదు. నేతగాళ్లు, జాబర్లు, బ్యాటరీ నింపేవాళ్లు ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లి మాట్లాడుకున్నారు. ఎవరు ఎవరితో ఉండాలో, ఏ జట్టుకు ఎవరు పెద్దగా ఉండాలో వాళ్లే తేల్చుకున్నారు. కొద్ది గంటల్లోనే నాలుగు జట్ల జాబితాలు తయారయ్యాయి. ఒక్కో జట్టులో ఏడుగురు, ఒక్కో జట్టు కింద 60 ప్రాంతంలో మగ్గాలు. ఆ జాబితాలు ఎలా కుదిరాయో తెలుసుకోవడానికి యాజమాన్యం ప్రయత్నించలేదు. అది వాళ్ల విజ్ఞత. ఒక సర్వే చేసో, పరీక్షలు పెట్టో జట్లు కట్టాలనుకుని ఉంటే నెలలు పట్టేది, అప్పటికీ ఇంత చక్కగా కుదిరేది కాదు. ఎవరి చేయి నెమ్మది, ఎవరి నోరు దురుసు, ఎవరికి ఎవరితో పొసగదు అన్నది ఆ షెడ్డులో నిలబడ్డ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. మేనేజ్‌మెంట్ చరిత్ర రాసేవాళ్లు దీన్ని రైస్ ప్రయోగం అంటారు. ఆయన పేరు మీద 1970లో అమెరికాలో ఒక సంస్థ కూడా వెలిసింది. ఆ జట్లు కట్టుకున్న కార్మికుల పేర్లు మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించవు. తలుపు తీసింది రైస్, అది నిజం. తాళం ఎక్కడుందో పట్టుకోవడమే ఆయన గొప్పతనం. లోపల నడిచింది మాత్రం వాళ్లు. చరిత్ర ఈ రెంటినీ వేరుచేసి చెప్పాలి.

ఆ తర్వాత అంతా సాఫీగా ఏమీ సాగలేదు. మొదటి రోజుల్లో ఉత్పత్తి పెరిగింది. జట్లలో ఉత్సాహం ఎంత ఎక్కువైందంటే మగ్గాలు ఆపకుండా తిప్పాలన్న తొందరలో శుభ్రం చేయడం, నూనె వేయడం వంటివి వెనకపడ్డాయి. కొద్ది రోజుల్లోనే దాని ఫలితం గుడ్డలో లోపాలై కనపడింది, ఆ వెనకే ఉత్పత్తి కూడా పడిపోయింది. చాలా మిల్లుల్లో ఇక్కడితో కథ ముగిసేది. చూశారా, కార్మికులకు వదిలేస్తే ఇంతే అని పాత పద్ధతికి మళ్లేవాళ్లు. ఇక్కడ అలా చేయలేదు. యాజమాన్యం జట్ల పెద్దలతో, సూపర్‌వైజర్లతో కూర్చుని ఏం చిక్కు వచ్చిందో అడిగింది. పని అలవాటయ్యే దాకా కావలసిన తోడ్పాటు ఇచ్చింది. జట్లను మాత్రం ముట్టుకోలేదు.

నిలకడ వచ్చాక లెక్కలు తీశారు. జట్లకు ముందు మగ్గాల సామర్థ్యం 80 శాతం దగ్గర ఉండేది. ఇప్పుడు 95 శాతం దగ్గరికి చేరింది. లోపాలున్న గుడ్డ 32 శాతం ఉండేది 20 శాతానికి దిగింది. అవే మగ్గాలు, అదే షెడ్డు, ఇంచుమించు అదే మనుషుల సంఖ్య. తర్వాత మూడో షిఫ్టు పెట్టినప్పుడు మళ్లీ కొంత కుదుపు వచ్చింది, కొత్తవాళ్లు చేరి జట్లు చెదిరాయి, కొన్నాళ్లకు సర్దుకున్నాయి. ఇదే పద్ధతిని కంపెనీ తన మామూలు మగ్గాల షెడ్డులో కూడా మొదలుపెట్టింది. అక్కడ అంతవరకూ ఒక్కో నేతగాడు రెండేసి మగ్గాల మీద ఒంటరిగా పనిచేసేవాడు. రైస్ ఈ అనుభవమంతా 1958లో పుస్తకంగా తెచ్చాడు.

దీన్ని ప్రశ్నించిన వాళ్లూ ఉన్నారు. జట్లతో పాటు కార్మికుల రాబడి కూడా పెరిగింది కదా, ఉత్పత్తి పెరగడానికి అసలు కారణం డబ్బే ఎందుకు కాకూడదు అని తర్వాతి పరిశోధకులు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. ప్రయోగశాలలోలా ఒక్కొక్క కారణాన్నీ విడదీసి చూడటం నడిచే మిల్లులో సాధ్యం కాదు. కానీ డబ్బు పెరగడాన్ని ఈ ప్రయోగంలో కలిసిన మలినంగా చూడటం సరికాదు. ఎక్కువ గుడ్డ నేసినవాళ్లకు ఎక్కువ కూలి రావాలి, అది వాళ్ల హక్కు. డబ్బు ఒక్కటే కారణమైతే లోపాలు ఎందుకు తగ్గాయి, ఇబ్బంది వచ్చినప్పుడు కార్మికులు పాత పద్ధతే కావాలని ఎందుకు అడగలేదు అన్నవి కూడా ఆలోచించాలి.

ఈ సందేహానికి ఇంకో జవాబు ఇంగ్లండ్ నుంచే వచ్చింది. 1950లలో ట్రిస్ట్ బృందం డర్హమ్ గనుల్లో రెండు బొగ్గు ముఖాలను పోల్చి చూసింది. ఒకటే పొర, ఒకటే రకం యంత్రాలు. ఒక ముఖం మీద పాత లాంగ్‌వాల్ పద్ధతి, ఎవరి పని వారిది. రెండో దాని మీద 41 మంది ఒకే జట్టు, ఒకే కూలి, ఒక్కొక్కరూ పలు పనులు చేస్తారు, ఏ షిఫ్టువాళ్లు దిగితే వాళ్లు ముందువాళ్లు ఆపిన చోట నుంచి ఎత్తుకుంటారు. మొదటిది సాధ్యమైనంత ఉత్పత్తిలో 78 శాతం ఇచ్చింది, రెండోది 95 శాతం. మొదటి దానిలో గైరుహాజరీ 20 శాతం, రెండో దానిలో 8 శాతం చిల్లర. ప్రమాదాల వల్ల పోయిన షిఫ్టులు కూడా సగానికన్నా తక్కువ. గనిలో ప్రమాదాలు సగానికి తగ్గడం అంటే ఎందరి కాళ్లూ చేతులూ నిలబడ్డాయో లెక్కేసుకోండి. ఉత్పత్తి అంకెలకన్నా ముందు చెప్పవలసిన అంకె ఇదే.

అయినా జాతీయమైన గనులను నడిపే బ్రిటిష్ బొగ్గు బోర్డు ఈ పద్ధతిని దేశమంతా పెట్టడానికి ముందుకు రాలేదు. గనిలో అధికారం ఎవరి చేతుల్లో ఉండాలన్న ప్రశ్న అందులో దాగి ఉంది. సరిగా అదే ప్రశ్న అహ్మదాబాద్‌లో కూడా తలెత్తింది, కాస్త ఆలస్యంగా.

రైస్ 1969లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన సహచరుడు ఎరిక్ మిల్లర్ కాలికో కంపెనీ షెడ్లకు తిరిగి వెళ్లాడు. మిల్లర్ మానవశాస్త్రం చదువుకున్నవాడు, 1950లలో కొంతకాలం ఆ కంపెనీలోనే పనిచేశాడు, కాబట్టి ఏం చూడాలో ఆయనకు తెలుసు. 17 ఏళ్ల తర్వాత ఆయనకు రెండు రకాల దృశ్యాలు కనపడ్డాయి. ఒక షెడ్డులో జట్టు పద్ధతి పెద్దగా మార్పు లేకుండా నడుస్తోంది. మనుషులు కొందరు రిటైరయ్యారు, కొత్తవాళ్లు వచ్చారు, జట్టు మాత్రం నిలబడింది, పనితీరూ నిలబడింది. మిగతా చోట్ల జట్టు అన్నది పేరుకే మిగిలింది. సూపర్‌వైజర్లు మళ్లీ ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పని పురమాయిస్తున్నారు.

ఎందుకిలా? అక్కడ ఎవరూ ఒక రోజు కూర్చుని జట్లను రద్దు చేయలేదు. బజారులో గిరాకీ మారింది, రకరకాల గుడ్డలు నేయవలసి వచ్చింది, నూలు నాణ్యత తగ్గింది. మగ్గాలు ఎక్కువగా ఆగడం మొదలైంది. జట్టు తన చిక్కును తనే విప్పుకోవాలంటే కొంత వెసులుబాటు ఉండాలి, సరిపడా మనుషులు ఉండాలి, సామాను వేళకు అందాలి. ఇవి కరువైనప్పుడు సూపర్‌వైజరు జోక్యం చేసుకున్నాడు. ఒకసారి జోక్యం చేసుకున్నాక మళ్లీ చేసుకున్నాడు. తమ మీద పైవాళ్లకే నమ్మకం లేనప్పుడు జట్టు కూడా బాధ్యత వదిలేసింది. మేనేజర్లు మారారు, జట్లు ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లు తగ్గిపోయారు. జట్టుకు రక్షణగా దాని చుట్టూ గీసిన గీత మెల్లమెల్లగా చెరిగిపోయింది.

1975లో మిల్లర్ ప్రచురించిన ఈ పరిశీలన రైస్ పుస్తకమంత పేరు తెచ్చుకోలేదు. నా దృష్టిలో మాత్రం అది అంతకన్నా విలువైనది. కొత్త పద్ధతి మొదటి ఏడాది ఫలించిందని చెప్పే నివేదికలకు కొదవ లేదు. పదిహేడేళ్ల తర్వాత వెనక్కి వెళ్లి, ఏది నిలిచింది, ఏది కూలింది, ఎందుకు కూలింది అని నిజాయితీగా రాసినవాళ్లు చాలా కొద్దిమంది. కార్మికులకు స్వేచ్ఛ ఇవ్వడం ఒక రోజు తీసుకునే నిర్ణయం కాదు. పై అధికారి ప్రతిరోజూ తన చేతిని తాను ఆపుకోవాలి, బయటినుంచి వచ్చే ఒత్తిడిని జట్టు దాకా రానివ్వకుండా తాను భరించాలి. అది చేతనైన చోట జట్టు నిలిచింది.

మన తెలుగువాళ్లకు ఈ కథ పరాయిది కాదు. తెలంగాణ పల్లెల్లో చేమగ్గాలకు పని తగ్గిన కాలంలో పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, ముంబై, భివండి, సూరత్, అహ్మదాబాద్ మిల్లుల దారి పట్టాయి. ఇంటి మగ్గం దగ్గర పడుగు సాగదీయడం, కండెలు చుట్టడం, ఆసు పోయడం ఇంటిల్లిపాదీ పంచుకుని చేసే పనులు. అలాంటి ఇంటినుంచి వెళ్లినవాడిని రెండు మగ్గాల మధ్య ఒంటరిగా నిలబెట్టింది మిల్లు. 1980లలో మన సింగరేణిలోకి, గోదావరిఖని దగ్గరి గనుల్లోకి లాంగ్‌వాల్ యంత్రాలు దిగాయి. ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ చూసిన యంత్రాలకన్నా అవి ఎంతో ముందడుగు. యంత్రం చుట్టూ మనుషులను ఎలా పేర్చాలన్న ప్రశ్న మాత్రం అదే.

అహ్మదాబాద్ ఆలోచన తర్వాత యూరప్‌లో చాలా దూరం ప్రయాణించింది. 1960లలో నార్వేలో ప్రభుత్వం, యజమానుల సంఘం, కార్మిక సంఘాలు కలిసి కర్మాగారాల్లో జట్టు పద్ధతిని పరీక్షించాయి. 1974లో స్వీడన్‌లోని కల్మార్‌లో వోల్వో కంపెనీ కదిలే బెల్టు లేకుండా జట్లే కారు కట్టే కర్మాగారం తెరిచింది. అది 1994 దాకా నడిచింది. అన్నిటికన్నా ముందు బీజం పడ్డ చోట్లలో ఒకటైన మన దేశంలోనే ఇది విస్తరించలేదు. ఇతర మిల్లుల యజమానులు అహ్మదాబాద్ షెడ్డును ఒక సరదా ప్రయోగంగా చూసి వదిలేశారు. యంత్రానికి పెట్టిన శ్రద్ధలో పదో వంతు మనుషుల కూర్పుకు పెట్టి ఉంటే, మన బట్టల మిల్లుల చరిత్ర కొంతైనా వేరేగా ఉండేదని ఈ రచయిత నమ్మకం. కాలికో మిల్లు కూడా 1990లలో మూతపడింది. దానికి కారణాలు వేరు. పవర్‌లూములతో పోటీ, పాతబడ్డ యంత్రాలు, అప్పులు కలిసి అహ్మదాబాద్ మిల్లులను ఒకదాని వెంట ఒకటి ముంచాయి, వేలాది మంది కార్మికులు వీధిన పడ్డారు.

వచ్చే భాగంలో మన గడ్డ మీదే జరిగిన మరో ప్రయోగం. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను ఎంపిక చేసి, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో వాళ్లకు సాధించాలన్న తపనను నేర్పగలమా అని పరీక్షించింది.